సంపన్నుల విరాళాలతో కర్బన ఉద్గారాలు ఆగుతాయా? మన గోదావరి డెల్టాకు అందులో ఏముంది?

పాలకొల్లు మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను పాలకొల్లు దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ నవంబరు గ్రంథాలయ వారోత్సవాలలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వాతావరణ మార్పు గురించి ఒక గంటసేపు చెప్పమని మా ఊరి గ్రంథాలయం వారు అడిగారు. సిద్ధమవుతూ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. తృప్తికరమైన జవాబు దొరకక ఇక్కడికి వచ్చాను.

2015లో పారిస్ వాతావరణ సదస్సు వేళ బిల్ గేట్స్ చొరవతో ప్రపంచంలోని కుబేరులు కొందరు బ్రేక్‌త్రూ ఎనర్జీ అనే కూటమిగా ఏర్పడి, కాలుష్యం లేని ఇంధనాలను పరిశోధనశాల నుంచి మార్కెట్‌కు చేర్చడానికి సొంత డబ్బు పెడతామని ప్రకటించారు. మన దేశం నుంచి ముఖేష్ అంబానీ, రతన్ టాటా అందులో చేరారు. 2020లో జెఫ్ బెజోస్ వాతావరణం కోసం 1,000 కోట్ల డాలర్లు ఇస్తానన్నారు. పదేళ్లు గడిచాక, 2025 అక్టోబరు చివరలో గేట్స్ ఒక పెద్ద లేఖ రాస్తూ, వాతావరణ మార్పు తీవ్రమైన సమస్యే అయినా మానవజాతిని అంతం చేసేది కాదనీ, పేదల ఆరోగ్యం మీదా సేద్యం మీదా శ్రద్ధ పెరగాలనీ అన్నారు. అదే వారంలో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ లేఖ సారాంశాన్ని నేను కరెంటు లేని ఇంట్లో, ఫోనులో మిగిలిన కొద్దిపాటి చార్జింగుతో చదివాను.

నా సందేహం ఇది. వీరు ఇస్తున్నది దానమా, పెట్టుబడా? ఎంత సంపన్నులైనా ప్రపంచం మొత్తం ఉద్గారాలను తమ డబ్బుతో ఆపలేరు కదా, అలాంటప్పుడు ఆ డబ్బు నిజంగా ఏ పనికి వస్తుంది? మన కాలువల మధ్య, మన చేలలో, చెరువుల్లో దానికి ఏదైనా చోటు ఉందా? పిల్లలకు వట్టి పొగడ్తగానీ వట్టి తెగడ్తగానీ చెప్పడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

ధవళేశ్వరం ఇంజనీరు:

మాస్టారూ, మంచి ప్రశ్న. విద్యుత్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక లెక్కల వైపు నుంచి మొదలుపెడతాను.

గేట్స్ తరచుగా చెప్పే అంచనా ప్రకారం మానవులు ఏడాదికి 5,100 కోట్ల టన్నుల హరితగృహ వాయువులను వదులుతున్నారు. అందులో విద్యుత్తు వాటా నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. ఉక్కు, సిమెంటు వంటి వస్తువుల తయారీ వాటా అంతకు మించినది. సేద్యం, పశుపోషణ కలిపి అయిదో వంతుకు దగ్గరగా ఉంటాయి. ఇంత పెద్ద వ్యవస్థను మార్చడానికి 2024 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచం పెట్టిన పెట్టుబడి, అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కన, సుమారు 2 లక్షల కోట్ల డాలర్లు. బెజోస్ పదేళ్లలో ఇస్తానన్న మొత్తం ఆ ఒక్క ఏడాది పెట్టుబడిలో అర శాతం. పరిమాణం ఒక్కటే చూస్తే సముద్రంలో కాకిరెట్ట. కనుక దాతల డబ్బును దాని మొత్తంతో కాక, అది ఎప్పుడు, ఎక్కడ పడుతుందో చూసి కొలవాలి.

దానమా పెట్టుబడా అన్నారు. రెండూ ఉన్నాయి, వాటిని కలిపి చూడకూడదు. 2011లో అప్పటి న్యూయార్క్ మేయరు, కుబేరుడు మైకేల్ బ్లూమ్‌బెర్గ్ అమెరికాలో బొగ్గు విద్యుత్ కేంద్రాలను మూయించే ఉద్యమానికి 5 కోట్ల డాలర్లు ఇచ్చారు. అది తిరిగి రాని డబ్బు, అంటే విరాళం. ఆ తరువాత అక్కడ సగానికి పైగా బొగ్గు కేంద్రాలు మూతబడ్డాయి లేదా మూసివేత తేదీ ప్రకటించాయి. అందులో ఉద్యమానికి ఎంత భాగమో, చవకగా దొరికిన సహజవాయువుకు ఎంత భాగమో విడదీయడం కష్టం. గేట్స్ కూటమి నుంచి పుట్టిన నిధి వేరు. అది కంపెనీలలో వాటాలు కొంటుంది, లాభం వస్తే తీసుకుంటుంది, కాకపోతే మామూలు మదుపరి అయిదారేళ్లలో అడిగేదానికి ఇరవై ఏళ్లు ఆగుతుంది. ఆ ఓపికే దాని విలువ. ఆ నిధి మదుపు పెట్టినవాటిలో ఫామ్ ఎనర్జీ అనే కంపెనీ ఒకటి. దాని బ్యాటరీలో ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పు పడుతూ విద్యుత్తు ఇస్తుంది, చార్జి చేసినప్పుడు ఆ తుప్పు మళ్లీ ఇనుము అవుతుంది. నూరు గంటలపాటు విద్యుత్తు ఇవ్వగల నిల్వ కోసం ఆ ప్రయత్నం. తుప్పు పట్టడం ఏడో తరగతి పాఠమే కనుక మీ పిల్లలకు ఇది బాగా అందుతుంది.

అయితే ఒక సంగతి మాత్రం వారికి తప్పక చెప్పండి. 2010లో మన కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ సౌర విద్యుత్తుకు నిర్ణయించిన ధర యూనిట్‌కు 17.91 రూపాయలు. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో అది 2.44 రూపాయలకు దిగింది. ఈ పతనాన్ని ఏ కుబేరుడూ తీసుకురాలేదు. ఎక్కువ ధర ఇచ్చి కొంటామని చట్టం చేసిన జర్మనీ, పెద్ద పెద్ద కర్మాగారాలు కట్టిన చైనా, జాతీయ సౌర మిషన్ పెట్టిన మన ప్రభుత్వం, ఆ భారం మోసిన వినియోగదారులు కలిసి తెచ్చారు. గేట్స్ స్థాపించిన టెర్రాపవర్ వారు వయోమింగ్ రాష్ట్రంలో కడుతున్న 345 మెగావాట్ల, సోడియంతో చల్లబరిచే అణు రియాక్టరుకు కూడా అమెరికా ప్రభుత్వం సగం దాకా ఖర్చు పంచుకుంటోంది. మొదటి నమూనాకు, వెయ్యవ నమూనాకు మధ్య ఒక అగాధం ఉంటుంది. బ్యాంకు అప్పు ఇవ్వదు, ప్రభుత్వం తొందరగా కదలదు. దాతల డబ్బుకు సరైన చోటు అదేనని నేను నమ్ముతాను. సౌర ఫలకాలకు ఇప్పుడు దాత అక్కర లేదు.

కాకినాడలో పాత ఎరువుల కర్మాగారం ఉన్నచోట ఏడాదికి 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా, అంటే సౌర, పవన విద్యుత్తుతో చేసే అమ్మోనియా, లక్ష్యంగా పనులు జరుగుతున్నాయి. దాన్ని కూడా ఉదాహరణగా చూపించవచ్చు గానీ, అది పూర్తిగా వ్యాపారం. దాతృత్వం పద్దులో రాయకండి.

ఉండి చెరువు రైతు:

ఇంజనీరుగారు చెప్పినది చదివాక నా లెక్క కూడా రాయాలనిపించింది. నాకు మూడెకరాల రొయ్యల చెరువు ఉంది. అందులో 2 హెచ్‌పీ ఏరియేటర్లు, అంటే నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు, ఆరు తిరుగుతాయి.

బయటివారికి తెలియని విషయం ఒకటి ఉంది. పగలు చెరువులోని నాచు ఎండకు ఆక్సిజన్‌ను తయారుచేస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. అందుచేత తెల్లవారుజామున మూడు నుంచి అయిదు గంటల మధ్య నీటిలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. మాకు కరెంటు తప్పనిసరిగా కావలసినది ఆ సమయంలో. సూర్యుడు ఉన్నప్పుడు మా అవసరం తక్కువ, మా అవసరం ఎక్కువైనప్పుడు సూర్యుడు ఉండడు. ఇంటి కప్పు మీద సౌర ఫలకాలు పెట్టుకుంటే 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకాన్ని చూశాను. మంచిదే, మా అన్నయ్య పెట్టించుకున్నాడు. అది ఇళ్లకు మాత్రమే, చెరువు గట్టుకు వర్తించదు.

ఆరు ఏరియేటర్లు రాత్రి పది గంటలు తిరిగితే సుమారు 90 యూనిట్లు అవుతుంది. రాయితీ ధర యూనిట్‌కు రూపాయిన్నర కనుక రాత్రికి 135 రూపాయలు. కరెంటు పోతే జనరేటరు గంటకు మూడు లీటర్ల డీజిల్ తాగుతుంది, అంటే అదే రాత్రికి మూడు వేల రూపాయల దాకా ఖర్చు. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని మా అమ్మాయి చెప్పింది. మొంథా రాత్రి మేము జనరేటరు వేసి, మరునాడు కూడా కరెంటు రాక, డీజిల్ కోసం బంకు దగ్గర వరుసలో నిలబడ్డాం. మా పక్క రైతుకు డీజిల్ సకాలంలో దొరకలేదు. నెల రోజుల్లో పట్టుబడికి రావలసిన రొయ్య మొత్తం తెల్లవారేసరికి గట్టు పక్కన తేలింది. ఆయన నోట మాట లేకుండా చెరువు చుట్టూ తిరుగుతుంటే చూడలేకపోయాను.

రాయితీ కరెంటు ఉన్నంతకాలం ఏ రైతూ తనంతట తాను బ్యాటరీ కొనడు. పైగా 2025 ఆగస్టులో మన రొయ్యల ఎగుమతుల మీద అమెరికా 50 శాతం సుంకం వేశాక కొనే శక్తి కూడా లేకపోయింది. దాతలు ఎవరైనా నిజంగా మా వైపు చూడదలచుకుంటే, మాకు ఫలకాలు ఇవ్వనక్కరలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు కరెంటు ఇవ్వాలి.

మార్టేరు వరి:

నేను వ్యవసాయ శాస్త్రం చదువుకున్నాను, మాకు నాలుగెకరాల వరి ఉంది. చర్చ అంతా కరెంటు చుట్టూ తిరుగుతోంది గానీ, మన డెల్టా నుంచి ఆకాశంలోకి వెళ్లేదానిలో పెద్ద భాగం నీళ్లు నిలిచిన వరిచేల నుంచి వచ్చే మీథేన్. నీళ్ల కింద గాలి తగలని మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. నూరేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది.

దీనికి మందు తెలిసినదే. చేలో రంధ్రాలున్న గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి పెడితే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, దిగుబడి తగ్గదు. ఆరుతడి అనే ఈ పద్ధతికి విదేశీ దాతల సాయం, తమ కాలుష్యానికి బదులుగా ఇతరులు తగ్గించిన ఉద్గారాలను కర్బన క్రెడిట్లుగా కొనే కంపెనీల సాయం వస్తున్నాయి. అయితే ఆ పథకాలు రాసేవారు ఒక్కో రైతుకు ఒక్కో బోరు ఉన్నట్టు ఊహించుకుంటారు. మన దగ్గర నీరు బోదె (పిల్లకాలువ) ద్వారా ఒక చేలోంచి మరో చేలోకి పారుతుంది. పై చేను ఆరబెడితే కింది చేనుకు నీరు రాదు. ఖరీఫ్ పంట అయిన సార్వాలో వానలకు మురుగు దిగక చేలే మునిగిపోతుంటే ఆరబెట్టేది ఎక్కడ? రబీ పంట అయిన దాళ్వాలో మాత్రం గోదావరిలో నీరు తగ్గి వంతులవారీగా వదిలే సంవత్సరాలలో మన రైతులు తెలియకుండానే సగం ఆరుతడి చేస్తున్నారు. ఆ వంతును పంట దశలకు సరిపోయేలా దిద్ది, మురుగు కాలువల్లో పూడిక తీస్తే మీథేన్ తగ్గుతుంది, శివారు భూములకూ నీరందుతుంది. ఆ పూడికకు ఫొటో బాగా రాదు కనుక దాతలు రారేమోనని నా భయం.

మరో మాట. మా మార్టేరు పరిశోధన కేంద్రం 1925లో పుట్టింది. 1982లో అక్కడ విడుదలైన స్వర్ణ వరి ఒడిశా, బెంగాల్ దాకా వెళ్లి కోట్ల మంది కడుపు నింపింది. ప్రభుత్వ జీతాల మీద బతికిన శాస్త్రజ్ఞులు, ఎవరి పేరూ వార్తల్లో రాకుండా చేసిన పని అది. మీథేన్ తక్కువగా వదిలే వరి రకం కూడా అలాంటి చోటనే పుట్టాలి. దాత అనేవారు ఆ కేంద్రానికి ఇరవై ఏళ్ల జీతాలకు హామీ ఇస్తే నేను చేతులెత్తి నమస్కరిస్తాను. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యానికి అజీమ్ ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ సాయం చేస్తోంది. ప్రభుత్వం నడిపే కార్యక్రమంలో దాత వెనక నిలబడటం నాకు నచ్చిన పద్ధతి.

కోనసీమ లంక:

అందరూ సాంకేతికంగా రాశారు. నేను వేరే వైపు నుంచి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు.

మాది మామిడికుదురు పక్క ఊరు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకున్నప్పుడు నాకు ఎనిమిదేళ్లు. 65 రోజులు మండింది. రాత్రిళ్లు మా పెరట్లో దీపం లేకుండా చింతపండు ఒలిచేంత వెలుగు ఉండేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపు పగిలి మంటలు ఊరిని చుట్టుముట్టి ఇరవై మందికి పైగా చనిపోయారు. దేశానికి ఇంధనం కావాలన్నారు, మా కొబ్బరి తోటల కింద పైపులు వేశారు. ఎక్కడ వేయాలో మమ్మల్ని అడిగినవారు లేరు. రేపు శుద్ధ ఇంధనం పేరుతో వచ్చేవారైనా అడుగుతారా అన్నది నా ప్రశ్న. పొగ రాకపోవడం ఒక్కటే శుద్ధి కాదు.

రెండోది నిలకడ. పదేళ్ల కిందట ఆర్భాటంగా మొదలైన గేట్స్ సంస్థ బ్రేక్‌త్రూ ఎనర్జీ 2025 మార్చిలో తన విధాన విభాగం సిబ్బందిని తొలగించింది. ఆయన డబ్బు ఆయన ఇష్టం, నేను కాదనను. ఒక మనిషి మనసు మీద ఆధారపడిన పథకాన్ని నమ్ముకుని ఒక ఊరు తన బతుకును మార్చుకోవచ్చా? ప్రభుత్వం మాట తప్పితే ఓటు ఉంది, ధర్నా ఉంది. 2011లో మా కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే ఢిల్లీ దాకా వినిపించింది. సియాటిల్‌లో ఉన్న దాత ఇంటి ముందు మేము ధర్నా చేయగలమా?

దానం అంటే మాకు డొక్కా సీతమ్మగారు గుర్తుకు వస్తారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన తల్లి. అంతర్వేది దర్శనానికి పల్లకిలో బయలుదేరి, దారిలో ఒక పెళ్లిబృందం పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారని పెద్దలు ఊరడించడం విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి వంట మొదలుపెట్టిందని మా వైపు చెప్పుకుంటారు. ఆమె తాను వెళ్లదలచిన చోటును వదులుకుని ఆకలి ఉన్న చోటికి వచ్చింది. ఇప్పటి దాతలు తమకు ఇష్టమైన రియాక్టరు దగ్గరికి వెళతారు. చెరువు రైతుగారు రాసిన మూడు గంటల వేళ వారికి వినబడేదెలా?

ధవళేశ్వరం ఇంజనీరు:

అమ్మా, మీరు అడిగినదానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నగరం పేలుడు మరునాడు నేను ఆ ఊరు వెళ్లాను. మాడిన కొబ్బరి మొవ్వుల మధ్య నిలబడిన ఆ ఉదయాన్ని మరిచిపోలేదు.

మూడు గంటల వేళ గురించి మాత్రం ఒక దారి చెబుతాను. 2025లో దక్షిణ ఢిల్లీలోని కిలోకరి సబ్‌స్టేషన్‌లో 20 మెగావాట్ల బ్యాటరీ పనిచేయడం మొదలుపెట్టింది. నిల్వ 40 మెగావాట్ గంటలు, అంటే 40,000 యూనిట్లు. దాని ఖర్చులో సుమారు 70 శాతాన్ని రాక్‌ఫెల్లర్, ఐకియా, బెజోస్ సంస్థలు కలిసి పెట్టిన కూటమి తక్కువ వడ్డీ అప్పుగా ఇచ్చింది. దానం కాదు, తిరిగి కట్టవలసిన అప్పే, అయినా మామూలు బ్యాంకు ముందుకు రాని పనికి ఇచ్చిన అప్పు. బ్యాటరీ పంపిణీ సంస్థ సబ్‌స్టేషన్‌లో ఉంది, ధరను విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదించింది. దాత మనసు మారినా బ్యాటరీ అక్కడే ఉంటుంది. మీ రెండో అనుమానానికి ఇది కొంత జవాబు అనుకుంటాను.

చెరువు రైతుగారి 90 యూనిట్లతో భాగిస్తే, నష్టాలు పోను, అలాంటి ఒక బ్యాటరీ రాత్రి పది గంటలు నాలుగు వందల చెరువులను నడపగలదు. మధ్యాహ్నం రాయలసీమ ఎండ నుంచి చవకగా వచ్చే కరెంటుతో దాన్ని నింపవచ్చు. ఒక్కో గట్టు మీద ఒక్కో బ్యాటరీ కంటే ఫీడరుకు, అంటే సబ్‌స్టేషన్ నుంచి చెరువులకు వచ్చే లైనుకు, ఒకటి అన్న పద్ధతి చాలా చవక. రాయితీ రూపంలో ప్రభుత్వం ఏటా పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లించినా సాగుతుంది.

ఉండి చెరువు రైతు:

ఇంజనీరుగారూ, ఢిల్లీలో మొంథా రాదు కదండీ. మా దగ్గర తుఫానుకు 11 కేవీ కరెంటు స్తంభాలే పడిపోతాయి. సబ్‌స్టేషన్‌లో ఎంత నిల్వ ఉన్నా మా గట్టు దాకా తీగ ఉండాలి. మామూలు రోజుల కోతలకు మీరు చెప్పింది సరిపోతుంది. తుఫాను రాత్రికి మాత్రం చెరువు దగ్గర నాలుగైదు గంటలు నడిపే చిన్న బ్యాటరీ కూడా ఉండి తీరాలి, అన్ని ఏరియేటర్లకు కాకపోయినా రెండింటికైనా.

ధవళేశ్వరం ఇంజనీరు:

ఒప్పుకుంటున్నాను. రెండు ఏరియేటర్లు అయిదు గంటలు అంటే 15 యూనిట్లు. అది ఇప్పుడు ఊహకందని ఖర్చు కాదు, పది మంది కలిసి కొనగలిగినదే. ఆ మొదటి పది మందికి ఎవరు తోడు నిలబడతారన్నదే మిగిలిన ప్రశ్న.

పాలకొల్లు మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. నేను ఒక గంట ప్రసంగం అనుకున్నాను, మీరు దాన్ని మార్చేశారు. కుబేరుల పేర్లతో మొదలుపెట్టాలనుకున్నవాణ్ణి, ఇప్పుడు తుప్పు పట్టిన మేకుతో, వరి చేలో పాతే గొట్టంతో మొదలుపెడతాను. కోనసీమ అమ్మగారి ప్రశ్నను బోర్డు మీద ఉన్నదున్నట్టు రాసి పిల్లలనే జవాబు అడుగుతాను.

చెరువు రైతుగారికి ఒక మనవి. మా బడిలో నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పాత డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ మీటరు ఒకటి ఉంది. ఆదివారం తెల్లవారుజామున ఒక పదిమంది పిల్లలను, వారి తల్లిదండ్రుల అనుమతితో, మీ గట్టు మీదికి తీసుకురావచ్చా? మూడు నుంచి ఆరు గంటల దాకా అరగంటకు ఒకసారి కొలిచి గ్రాఫు గీయిస్తాను.

ఉండి చెరువు రైతు:

తప్పకుండా రండి మాస్టారూ. రెండున్నరకల్లా వస్తే మంచిది, అప్పటికే ఆక్సిజన్ దిగడం మొదలవుతుంది. గట్టు జారుడుగా ఉంది, పిల్లలను వరుసగా నడిపించండి. టార్చిలైట్లు నేను తెస్తాను. పక్క రైతు చెరువు ఇప్పుడు ఖాళీగా ఉంది. ఆయన కూడా వస్తానన్నాడు.